తిండి మీద పందెం: మీ ముగ్గురిలో ఎవరు గెలిచారంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ బావగారు ఏడాదిగా కీటో చేస్తున్నారు, పిండిపదార్థాల జోలికి పోవడం లేదు. మీరు శాకాహారి. మీ తమ్ముడు రోజులో ఎనిమిది గంటల్లోనే తిండి ముగించుకుని మిగతా పదహారు గంటలు నోరు కట్టేసుకుంటున్నాడు. ఎక్కువ కాలం బతికేది నేనంటే నేనని ముగ్గురూ పందెం వేసుకున్నారు. 94 ఏళ్ల మీ తాతగారు మాత్రం అరవై ఏళ్లు సిగరెట్లు కాల్చి, నచ్చిందల్లా తిని, ఇప్పటికీ తన పనులు తనే చేసుకుంటూ మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు. చివరి రెండు వాక్యాల్లో, మర్చిపోయింది అప్పుడే గుర్తొచ్చినట్టు, మీ నాన్నగారి సంగతి రాశారు. 66 ఏళ్లు, బీపీ ఉంది, రిటైరయ్యాక కుర్చీ దిగడం లేదు, ఈ మూడు పద్ధతుల్లో ఆయన చేత ఏది చేయించాలి అని. నన్నడిగితే అసలు ప్రశ్న అదే. దాని దగ్గరికి వెళ్లేముందు పందెం సంగతి తేల్చేద్దాం.

నా గురించి ఒక మాట. నేను డాక్టర్ని కాను, గణాంకాల మనిషిని. ఎవరు ఏం తిన్నారు, ఎలా బతికారు, ఎప్పుడు పోయారు అనే లెక్కలు చూడడమే ఇరవై ఏడేళ్లు నా ఉద్యోగం. మందులు రాయలేను. కానీ ఫలానా పరిశోధనలో తేలిందట అని ఎవరైనా అంటే, అది నిజంగా తేలిందా లేక తేల్చేశారా అన్నది చెప్పగలను.

పందెం ఎవరూ గెలవలేదు. మీ మూడు పద్ధతుల మధ్య ఆయుష్షులో తేడా అంటూ ఉంటే అది చాలా చిన్నది. పెద్ద తేడాలు తెచ్చేవేవీ మీ వాదనలోకి రానేలేదు.

ముందు తాతగారితో మొదలుపెడతాను, ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ ఈ వాదనను మధ్యలో ఆపేసేది అలాంటి ఒక పెద్దాయనే. ప్రపంచంలో కాగితాల ఆధారంతో అందరికన్నా ఎక్కువ కాలం బతికిన మనిషి ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణానికి చెందిన జాన్ కాల్మాన్. 1875లో పుట్టి 1997లో పోయారు, 122 ఏళ్లు. ఆవిడా చాలా ఏళ్లు సిగరెట్లు తాగారు. మరి సిగరెట్టుతో ఆయుష్షు పెరుగుతుందా? ఆవిడతో పాటు పొగ తాగినవాళ్లు ఈ వాదనలో మాట్లాడడానికి మిగల్లేదు, అంతే. నది ఈది ఒడ్డుకొచ్చినవాడిని అడిగితే లోతు లేదనే చెబుతాడు. మునిగినవాడిని అడగడం కుదరదు కదా.

అందరినీ లెక్కలోకి తీసుకుంటే ఏం కనిపిస్తుందో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్ చూపించారు. 1951లో అక్కడి డాక్టర్లను, 34 వేల మందికి పైగా మగవాళ్లను, మీరు పొగ తాగుతారా అని అడిగి రాసుకున్నారు. తర్వాత యాభై ఏళ్ల పాటు ఎవరు ఎప్పుడు పోయారో చూస్తూ వచ్చారు. రిచర్డ్ పీటో తదితరులతో కలిసి 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం జీవితాంతం సిగరెట్టు తాగినవాళ్లు, తాగనివాళ్లకన్నా సగటున పదేళ్లు ముందు పోయారు. అరవయ్యో ఏట మానేసినవాళ్లకు మూడేళ్లు తిరిగొచ్చాయి, యాభైలో మానేస్తే ఆరు, నలభైలో అయితే తొమ్మిది, ముప్పైలో అయితే దాదాపు పదీ. ఆ పట్టిక మొదటిసారి చూసినప్పుడు నాకు 39, జేబులో సిగరెట్ పెట్టె ఉంది. తొమ్మిదేళ్లు అన్న అంకె చూశాక దాన్ని బయటికి తీయడానికి సిగ్గేసింది. మానడానికి మాత్రం ఇంకో ఏడు నెలలు పట్టింది, అది వేరే కథ.

ఈ పదేళ్ల అంకెను గుర్తుపెట్టుకోండి. ఇకమీద తిండి గురించి ఎవరు ఏం చెప్పినా దాని పక్కన పెట్టి కొలవండి.

తిండి విషయంలో ఇంత స్పష్టమైన లెక్క ఎందుకు రాదంటే, సిగరెట్టు తాగేవాడు, తాగనివాడు అని మనుషుల్ని విడదీయడం తేలిక. తిండి అలా కాదు. అందరూ తింటారు. ఒకటి మానేస్తే ఇంకొకటి తినాల్సిందే. నిన్న ఏం తిన్నారో రాయమంటే సగం మర్చిపోతారు, మిగతా సగంలో మంచిపేరు కోసం కొంత దాస్తారు. ఇవి కొంతవరకు సరిచేసుకోగల చిక్కులు. అసలు చిక్కు ఇంకోటుంది. అది చెప్పడానికి నేను ఎప్పుడూ ఒకే ఉదాహరణ వాడతాను.

అమెరికాలో గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డ మగవాళ్ల మీద కొలెస్ట్రాల్ తగ్గించే మందులను పరీక్షించారు. కొందరికి మందు, కొందరికి ఏ మందూ లేని ఉత్తుత్తి బిళ్ల. ఎవరికి ఏదిచ్చారో వాళ్లకు తెలియదు. 1980లో ఒక విచిత్రమైన లెక్క బయటపెట్టారు. మందు బిళ్లలను చెప్పినట్టు, అంటే ఎనభై శాతానికి పైగా వేసుకున్నవాళ్లలో ఐదేళ్లలో 15 శాతం మందే పోయారు, సరిగా వేసుకోనివాళ్లలో దాదాపు 25 శాతం. ఆహా, మందు పనిచేసింది అనుకుంటాం. కానీ ఉత్తుత్తి బిళ్లను శ్రద్ధగా వేసుకున్నవాళ్లలోనూ 15 శాతమే పోయారు, అశ్రద్ధ చేసినవాళ్లలో 28 శాతం! లోపల ఏమీ లేని బిళ్ల అది. వయసు, బీపీ, పాత జబ్బులు వంటి నలభై విషయాలను సరిచేసి లెక్కగట్టినా ఆ తేడా పూర్తిగా పోలేదు.

అంటే చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, తన ఒంటిని పట్టించుకునే మనిషి, అసలే ఎక్కువ కాలం బతికే రకం. అతను మిగతా మందులూ వేళకు వేసుకుంటాడు, రోడ్డు చూసుకుని దాటుతాడు, నొప్పొస్తే నాన్చకుండా ఆస్పత్రికి వెళ్తాడు. ఇప్పుడు ఆలోచించండి. ఏ ఆహారమైనా సరే, దాన్ని ఏళ్ల తరబడి నిష్ఠగా పాటించేది ఎవరు? ఆ రకం మనుషులే. వాళ్లు ఎక్కువ కాలం బతికితే ఆ గొప్ప తిండిదా, నిష్ఠదా? విడదీయడం చాలా కష్టం. నిష్ఠగా కీటో చేసేవాళ్లు, నిష్ఠగా శాకాహారం తినేవాళ్లు ఇద్దరూ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లనడానికి కారణం ఇదే. ఇద్దరికీ చుట్టూ ఉన్న తమవాళ్లు ఆరోగ్యంగానే కనిపిస్తారు మరి.

ఇక మీ పద్ధతి. అమెరికాలో అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖ ఉంది. వాళ్లలో చాలామంది శాకాహారులు, పొగా మద్యమూ దాదాపు ముట్టరు. 2013లో 73 వేల మంది అడ్వెంటిస్టుల లెక్క చూస్తే, వాళ్లలోనే మాంసం తినేవాళ్లకన్నా శాకాహారుల్లో మరణాలు 12 శాతం తక్కువ. శాకాహార సంఘాలు ఈ అంకెను బాగా ప్రచారం చేశాయి. బ్రిటన్‌లో ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అనే పెద్ద అధ్యయనంలో మాత్రం శాకాహారులకు, వాళ్లలాంటి జీవితమే గడిపే మాంసాహారులకు మొత్తం మరణాల్లో తేడా రాలేదు. రెండు గుంపులూ దేశ సగటుకన్నా చాలా మెరుగ్గా బతికాయి. ఎందుకంటే ఆ అధ్యయనంలో చేరినవాళ్లే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు. మళ్లీ ఆ ఉత్తుత్తి బిళ్ల కథే.

అదే అధ్యయనం నుంచి 2019లో ఇంకో ఫలితం వచ్చింది. శాకాహారుల్లో గుండెజబ్బు 22 శాతం తక్కువ, పక్షవాతం 20 శాతం ఎక్కువ. శాతాల్లో చూస్తే రెండూ సమానంగా కొట్టుకుపోయినట్టుంటాయి. మనుషుల్లో లెక్కిస్తే వెయ్యిమందికి పదేళ్లలో గుండెజబ్బు కేసులు పది తగ్గాయి, పక్షవాతం కేసులు మూడు పెరిగాయి. ఎప్పుడైనా శాతం చూసి కంగారుపడినా మురిసిపోయినా, వెయ్యిమందికి ఎందరు అని అడగండి. సగం హెడ్డింగులు అక్కడే చల్లబడిపోతాయి. మీకు నా సలహా ఒక్కటే, విటమిన్ బి12 పరీక్ష చేయించుకోండి. పాలు, గుడ్లు కూడా మానేస్తే అది బయటి నుంచి తీసుకోక తప్పదు.

బావగారి కీటో గురించి రెండు మాటలు. బరువు, షుగర్ కొన్ని నెలల్లో తగ్గుతాయి, అది నిజమే. కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది, అదీ నిజమే, పరీక్ష చేయించుకోమనండి. ఆయుష్షు మాటకొస్తే, 2018లో అమెరికాలో 15 వేల మందిని పాతికేళ్లు చూసిన ఒక లెక్క వచ్చింది. కేలరీల్లో సగం నుంచి 55 శాతం దాకా పిండిపదార్థాల నుంచి తీసుకున్నవాళ్లలో మరణాలు అన్నిటికన్నా తక్కువ. 40 శాతం లోపు తిన్నా, 70 శాతం పైగా తిన్నా పెరిగాయి. ఇది చూసి కీటో ఓడిపోయింది అనకండి, అదే వ్యాసంలో ఇంకో మెలిక ఉంది. పిండి తగ్గించి ఆ స్థానంలో మాంసం, జంతువుల కొవ్వు పెంచినవాళ్లలో మరణాలు పెరిగాయి. అదే స్థానంలో గింజలు, పప్పులు, కూరగాయల నుంచి వచ్చే కొవ్వూ మాంసకృత్తులూ పెట్టుకున్నవాళ్లలో తగ్గాయి.

నా ఇరవై ఏడేళ్లలో తిండి గురించి నేర్చుకున్న ఒకే ఒక్క ప్రశ్న అదే. దేని బదులు? ఒక పదార్థం మంచిదా చెడ్డదా అన్నదానికి ఒంటరిగా జవాబు లేదు. గుడ్డు మంచిదా? చక్కెర కలిపిన డబ్బా తిండి బదులైతే మంచిదే. పప్పుల బదులైతే చెప్పలేం. ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల శాస్త్రవేత్తలు కూడా బోల్తాపడ్డారు, అది కోతుల కథ. మీ తమ్ముడికి కావాల్సింది కూడా.

తక్కువ తినే ఎలుకలు ఎక్కువ కాలం బతుకుతాయని 1935లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే చూపించారు. ఉపవాసాల మీద ఇప్పుడు నడుస్తున్న ఉత్సాహానికంతా మూలం అక్కడే ఉంది. మనిషికి దగ్గరి జంతువులో చూద్దామని 1980ల చివర్లో అమెరికాలో రెండు చోట్ల రీసస్ కోతుల మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. విస్కాన్సిన్ బృందం 2009లో, తక్కువ తిన్న కోతుల్లో వయసుతో వచ్చే జబ్బుల చావులు తగ్గాయంది. జాతీయ వృద్ధాప్య సంస్థ బృందం 2012లో, మా దగ్గర ఆయుష్షులో తేడా ఏమీ లేదంది. ఒకే జాతి, ఒకే ప్రశ్న, ఇరవై ఏళ్ల పైగా శ్రమ, రెండు జవాబులు! ఎందుకని తవ్వితే, విస్కాన్సిన్ కోతులకు పెట్టిన తిండిలో దాదాపు 28 శాతం చక్కెర, రెండోచోట 4 శాతం లోపు. పైగా విస్కాన్సిన్‌లో పోలిక కోసం పెట్టిన కోతులు కడుపు నిండా తిన్నాయి, రెండోచోట వాటికీ కొంత హద్దు పెట్టారు. చక్కెర తిండిని తెగ తినే కోతితో పోలిస్తే తక్కువ తినే కోతి గెలిచింది. ఓ మోస్తరుగా మంచి తిండి తినే కోతితో పోలిస్తే గెలుపు కనబడలేదు. తర్వాత 2017లో రెండు బృందాలూ కలిసి కూర్చుని, తగ్గించడం వల్ల మొత్తమ్మీద మేలే ఉంది, ఎంత మేలన్నది ఏ వయసులో మొదలుపెట్టారు, ఏం పెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది అని రాసుకున్నాయి.

మనుషుల్లో పదహారు గంటల ఉపవాసం సంగతి మరీ పలచగా ఉంది. చైనాలో 139 మంది ఊబకాయులను తీసుకుని ఏడాది చూశారు, 2022లో ప్రచురించారు. అందరికీ కేలరీలు తగ్గించారు, సగం మందికి మాత్రం ఎనిమిది గంటల్లోనే తినాలని అదనంగా నియమం పెట్టారు. ఎనిమిది గంటల నియమం ఉన్నవాళ్లు సగటున 8 కిలోలు, లేనివాళ్లు 6.3 కిలోలు తగ్గారు. గణాంకాల ప్రకారం అది తేడా కిందికి రాదు. బరువు తగ్గించింది గడియారం కాదు, తగ్గిన తిండి. మీ తమ్ముడికి గడియారం పెట్టుకుంటే తిండి తగ్గించుకోవడం తేలికగా ఉందనుకుంటే, చేయనివ్వండి, తప్పులేదు. దాన్ని ఆయుష్షు మంత్రం అనకుంటే చాలు.

ఇక్కడ ఒక పాత లెక్క చెప్పాలనిపిస్తోంది. కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో 1965 నుంచి వేలమందిని ఏడు అలవాట్ల గురించి అడిగారు. పొగ తాగకపోవడం, మద్యం మితంగా ఉండడం, ఏడెనిమిది గంటల నిద్ర, వ్యాయామం, అదుపులో బరువు, ఉదయం తినడం, మధ్యలో చిరుతిళ్లు తినకపోవడం. వీటిలో ఆరో ఏడో ఉన్న 45 ఏళ్ల మగవాళ్లు, మూడు లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకన్నా పదకొండేళ్లు ఎక్కువ బతుకుతారని 1973లో లెక్కతేలింది. తర్వాతి పరిశీలనల్లో ఐదు నిలిచాయి, రెండు జారిపోయాయి. ఆ రెండూ ఏవనుకున్నారు? ఉదయం తినడం, మధ్యలో తినకపోవడం. అంటే వేళలకు సంబంధించినవే.

బ్లూ జోన్ల గురించి, అంటే నూరేళ్లు దాటినవాళ్లు ఎక్కువని పేరున్న ప్రాంతాల గురించి మీరు అడగలేదు, కానీ ఈ చర్చలో ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. జపాన్‌లో ఒకినావా, ఇటలీలో సార్డీనియా, గ్రీసులో ఇకారియా, కోస్టారికాలో నికోయా, అమెరికాలో లోమా లిండా. సార్డీనియాలో నూరేళ్లు దాటినవాళ్లు ఎక్కువున్న ఊళ్లను జానీ పెస్, మిషెల్ పూలాన్ అనే ఇద్దరు పరిశోధకులు మ్యాపు మీద నీలి సిరాతో గుర్తుపెట్టడంతో ఆ పేరొచ్చింది. తర్వాత డాన్ బ్యూట్నర్ అనే రచయిత దాన్ని లోకమంతా పాకించారు. వినడానికి బాగుంటుంది. కానీ నూరేళ్లు దాటినవాళ్ల లెక్క దగ్గర నాలాంటివాళ్లకు ఎప్పుడూ అనుమానమే. సాల్ న్యూమన్ అనే పరిశోధకుడు అమెరికా రాష్ట్రాల్లో జనన ధ్రువపత్రాలు ఎప్పుడు మొదలయ్యాయో చూశాడు. అవి వచ్చాక 110 దాటినవాళ్ల సంఖ్య 69 నుంచి 82 శాతం దాకా పడిపోయింది! దానికే 2024లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. జపాన్‌లో 2010లో తనిఖీ చేస్తే, కుటుంబ రిజిస్టర్లలో బతికున్నట్టున్న నూరేళ్లు దాటినవాళ్లలో 2.3 లక్షల మందికి పైగా జాడే లేదు. మేం వయసులు సరిచూసే రాశాం అని బ్లూ జోన్ల పరిశోధకులు గట్టిగానే జవాబిచ్చారు. ఆ గొడవ ఇంకా నడుస్తోంది. నాకు మాత్రం ఒకినావాలో నూరేళ్లవాళ్లకన్నా వాళ్ల పిల్లల సంగతి ముఖ్యం. 2000 నాటికి ఒకినావా మగవాళ్ల ఆయుర్దాయం జపాన్‌లోని 47 ప్రాంతాల్లో 26వ స్థానానికి పడిపోయింది. గాలి అదే, నీళ్లు అవే, వంశం అదే. మారింది తిండి, నడక.

తిండి అసలు పనిచేయదనేయకండి. స్పెయిన్‌లో ప్రిడిమెడ్ అని 7,447 మందిని చీటీలు తీసినట్టు మూడు గుంపులు చేసి పరీక్షించారు. ఆలివ్ నూనె లేదా రకరకాల నట్స్ ఎక్కువ తిన్న రెండు గుంపుల్లో, మూడో గుంపుకన్నా గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు మొత్తంగా సుమారు 30 శాతం తగ్గాయి. 2013లో ప్రచురించారు. తర్వాత కొన్నిచోట్ల చీటీల పద్ధతి తప్పిందని బయటపడి 2018లో వెనక్కి తీసుకుని, సరిచేసి మళ్లీ ప్రచురించారు, ఫలితం దాదాపు అదే. కానీ మొత్తం మరణాల్లో స్పష్టమైన తేడా అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నాకు తెలిసినంతలో తిండికి ఉన్న మంచి సాక్ష్యాల్లో ఇదొకటి, దాని కథే ఇలా ఉంది. ప్యాకెట్ తిండి గురించి కూడా ఒక చిన్న ప్రయోగం నాకు నచ్చుతుంది. 2019లో కెవిన్ హాల్ బృందం ఇరవై మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు వండిన తిండి పెట్టింది. ముందు పెట్టిన చక్కెర, కొవ్వు, పీచు లెక్కల్లో రెండూ సమానం, ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్యాకెట్ తిండి రోజుల్లో మనుషులు రోజుకు 500 కేలరీలు ఎక్కువ తినేశారు. మీ ముగ్గురి పద్ధతుల్లోనూ ఒకటి ఉమ్మడిగా ఉందని గమనించారా? ముగ్గురూ ఆ ప్యాకెట్లు మానేశారు. బహుశా మీ ముగ్గురికీ మేలు చేస్తున్నది అదే.

విటమిన్ బిళ్లల సంగతి ఒక్క మాటలో. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్లమీద బీటా కెరోటిన్ పరీక్షించారు, క్యాన్సర్ తగ్గుతుందన్న ఆశతో. ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది, మరణాలు 8 శాతం పెరిగాయి. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. లోపం ఉందని పరీక్షలో తేలితే తప్ప కొనకండి.

మద్యం కొంచెం మంచిదే అని మీ బావగారు అంటారని రాశారు. అసలు తాగనివాళ్లకన్నా కొంచెం తాగేవాళ్లు ఎక్కువ బతుకుతారని పాత లెక్కల్లో కనిపించేది. కానీ తాగనివాళ్ల గుంపులో, జబ్బుచేసి డాక్టరు చెబితే మానేసినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను పక్కకు తీస్తే ఆ లాభం చాలావరకు ఆవిరైపోతుంది.

ఇప్పుడు నాన్నగారు. ఆయన దగ్గర మీకు మూడు పెద్ద అవకాశాలున్నాయి, మూడింటిలోనూ డైట్ పేరు లేదు.

మొదటిది కదలిక. 1953లో జెరీ మారిస్ లండన్ బస్సుల సిబ్బందిని పోల్చాడు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు రెండంతస్తుల బస్సులో రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉంది, వచ్చినా ప్రాణం మీదికి రావడం తక్కువ. మారిస్ అంతటితో వదల్లేదు. అసలు లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో అని యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుములు చిన్న వయసులోనే పెద్దవి! అంటే తేడాలో కొంత, ఉద్యోగంలో చేరకముందే ఉంది. తన సిద్ధాంతం మీద తనే అనుమానపడిన ఆ తీరు నాకు చాలా ఇష్టం. ఆయన 99 ఏళ్లు బతికాడు, దాన్ని సాక్ష్యంగా వాడితే ఆయనే కోప్పడేవాడు.

తర్వాత వచ్చిన లెక్కలు ఎక్కువగా కదలిక వైపే మొగ్గాయి. తైవాన్‌లో 4,16,175 మందిని చూస్తే రోజుకు పదిహేను నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేసేవాళ్లలో, ఏమీ చేయనివాళ్లకన్నా మరణాలు 14 శాతం తక్కువ, ఆయుర్దాయం మూడేళ్లు ఎక్కువ. సగటు వయసు 72 ఉన్న 16,741 మంది స్త్రీలకు అడుగులు లెక్కపెట్టే యంత్రం కట్టి చూస్తే, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక పెద్దగా లాభం పెరగలేదు. పదివేల అడుగులన్నది శాస్త్రం చెప్పింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల యంత్రం పేరు అది. జబ్బుగా ఉన్నవాళ్లు నడవలేరు కాబట్టి ఈ 41లో కొంత ఉబ్బు ఉంటుంది. సగానికి తగ్గించుకున్నా సరే, కుర్చీలోంచి లేవడమే అన్నిటికన్నా పెద్ద లాభం. ఆయన్ని పదివేలు అని భయపెట్టకండి. ఇప్పుడు వేసే అడుగులకు వెయ్యి కలపమనండి. చేతులు పెట్టకుండా కుర్చీలోంచి రోజుకు ఇరవైసార్లు లేచి కూర్చోమనండి. ఆ వయసులో కండ పోవడం, కింద పడడం మామూలు సంగతులు కావు.

రెండోది బీపీ. దీనికి ఉన్నంత గట్టి సాక్ష్యం ఏ డైట్‌కీ లేదు. చైనాలో 600 పల్లెల్లో, పక్షవాతం వచ్చినవాళ్లు, అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు 20,995 మందిని తీసుకుని, సగం పల్లెల్లో మామూలు ఉప్పు బదులు పాతిక శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. వంట మారలేదు, వేళలు మారలేదు. దాదాపు ఐదేళ్లలో పక్షవాతం 14 శాతం, మొత్తం మరణాలు 12 శాతం తగ్గాయి. 2021లో ప్రచురించారు. చూశారా, శాకాహారానికి అడ్వెంటిస్టుల్లో కనిపించిన అంకె అదే, 12. అక్కడ అది అనుమానం మిగిల్చిన పరిశీలన, ఇక్కడ చీటీలు తీసి చేసిన ప్రయోగం. మందులతో బీపీని బాగా తగ్గిస్తే మరణాలు 27 శాతం తగ్గినట్టు 2015లో అమెరికాలో 9,361 మంది మీద చేసిన ప్రయోగం చూపింది. కాకపోతే మరీ తగ్గించినప్పుడు కళ్లు తిరగడం, కిడ్నీల మీద భారం పడడం కూడా ఎక్కువైంది. ఎంతకు తగ్గించాలన్నది డాక్టరు తేల్చాల్సిన విషయం.

మూడోది మనుషులు. 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మందిని కలిపి 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ లెక్కగట్టారు. నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్లు, పరిశీలించిన కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువ. జబ్బు మనిషిని ఒంటరిని చేస్తుంది కాబట్టి కార్యకారణాలు ఇక్కడ కొంత చిక్కుపడి ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ రిటైరయ్యాక కుర్చీ దిగని మనిషికి నడక కన్నా ముందు, ఎక్కడికి నడవాలి, ఎవరి కోసం నడవాలి అన్నది కావాలి. మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరైన ఏడాదిలోనే సగం మనిషి అయిపోయాడు. పక్కింటి కుర్రాడికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాక మళ్లీ మామూలు మనిషయ్యాడు. ఇది సాక్ష్యం కాదు, ఇందాక నేనే చెప్పాను ఒక్క మనిషి కథ సాక్ష్యం కాదని. గుర్తొచ్చింది, రాశాను.

మొదలుపెట్టేటప్పుడు ఈ వరసలో చేయండి. ఇంట్లో బీపీ మిషన్ లేకపోతే మోచేతి పైన కట్టేది కొనండి, మణికట్టుది వద్దు. వారం రోజులు ఉదయం, రాత్రి ఐదు నిమిషాలు కూర్చోబెట్టాక చూసి కాగితం మీద రాయండి. ఆ కాగితం, ఆయన వేసుకునే మందుల చీటీ, కిడ్నీ పరీక్ష రిపోర్టు కలిపి డాక్టరుకు చూపించండి. పొటాషియం ఉప్పు ఆ తర్వాతే. కిడ్నీ జబ్బు ఉన్నా, పొటాషియం పెంచే కొన్ని బీపీ మందులు వాడుతున్నా అది ప్రమాదం. అడగకుండా డబ్బా మార్చేయకండి. నడకకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఛాతీ నొప్పి, ఆయాసం లేకపోతే. మీ తాతగారు ఇంకా సొంతంగా తిరుగుతున్నారన్నారు కదా, సాయంత్రం ఆయనకు తోడుగా మీ నాన్నగారిని పంపండి. ఎవరు ఎవరికి తోడు వెళ్తున్నారో ఇద్దరికీ చెప్పకండి.